వానాకాలంలో క్లియర్ కొడితే ఎర్ర మినీ మీద పాలపొర కమ్మింది: ఊడదీయాలా, కాపాడవచ్చా?

బీచ్‌రోడ్_బాబు
మూడు నెలలుగా ఒకే బండి మీద కూర్చున్నాను. జపాన్ టమియా వారి ప్లాస్టిక్ కిట్, అంటే ముక్కలు అతికించి రంగు వేసుకునే బొమ్మ కారు. అసలు బండిలో ఇరవై నాలుగో వంతు (1/24) మినీ కూపర్, 1967 మాంటే కార్లో ర్యాలీ గెలిచిన 177 నంబరు బండి. కప్పు తెలుపు, మిగతా ఒళ్లంతా ఎరుపు. ముందు తెలుపు కొట్టి, కప్పుకు టేపు వేసి, తరువాత ఎరుపు కొట్టాను. టేపు తీస్తే కప్పు అంచున రెండు చోట్ల ఎరుపు లోపలికి పాకి ఉంది. సరే, తరువాత చూద్దామనుకున్నాను. ఎరుపు మాత్రం నేను ఇంతవరకూ వేసిన వాటిలో అన్నిటికన్నా బాగా కుదిరింది.

విశాఖలో నాలుగు రోజులుగా ముసురు. నిన్న సాయంత్రం కాస్త తెరిపి ఇవ్వగానే బాల్కనీలోకి వెళ్లి స్ప్రే డబ్బాతో క్లియర్, అంటే రంగు మీద మెరుపు కోసం వేసే పారదర్శక పూత, కొట్టాను. పది నిమిషాలకే బానెట్ మీద మంచు పట్టినట్టు మసక. ఆరితే పోతుందనుకున్నాను. పొద్దున చూస్తే బానెట్, ఎడమ తలుపు రెండూ పాలు ఒలికి ఎండినట్టున్నాయి.

స్టిక్కర్లు ఇంకా అంటించలేదు. రంగంతా ఊడదీసి మొదటి నుంచి రావాలా, కాపాడే దారి ఉందా? గాలి ఒత్తిడితో రంగు చల్లే ఎయిర్‌బ్రష్ లేదు, నా దగ్గరున్నవి డబ్బాలే. ఊడదీయడానికి మనసు ఒప్పడం లేదు.

ఓరుగల్లు_ఓర్పు
ఊడదీయకండి. మీ ఎరుపుకు ఏమీ కాలేదు, చెడింది పై పొర ఒక్కటే.

మీ డబ్బాలోది లక్కర్, అంటే ద్రావకంలో కరిగించిన పూత. ఆ ద్రావకం చాలా వేగంగా ఆవిరవుతుంది. ఆవిరవుతూ ఆ చోటి వేడిని లాక్కుపోతుంది. డబ్బాలోంచి వచ్చే వాయువు కూడా చల్లగానే వస్తుంది. పూత చల్లబడగానే గాలిలోని తేమ దాని మీద దిగుతుంది, చల్లటి నీళ్ల చెంబుకు బయట చెమట పట్టినట్టు. పూత గట్టిపడేలోగా ఆ తేమ బయటికి పోలేక లోపల చిక్కుకుంటే తెల్లగా కనిపిస్తుంది. దీన్నే బ్లషింగ్ అంటారు. తెల్ల బండి మీద అయితే మీకు తెలిసేది కూడా కాదు, ఎరుపు, నలుపు మీదే బయటపడుతుంది.

వాన ఆగినంత మాత్రాన గాలి ఆరదు. తేమ కొలిచే చిన్న మీటరు కొనండి. నేను 65 శాతం దాటితే మెరుపు పూతల జోలికి వెళ్లను.

గుంటూరు_గరుకుకాగితం
ముసురులో వడియాలు ఎవరూ పెట్టరు. క్లియర్ కూడా అంతే.

కాకినాడ_కళాయి
నాకూ ఇలాగే అయింది. హెయిర్ డ్రయ్యర్ పెట్టి వెచ్చగా గాలి కొట్టాను, అయిదు నిమిషాల్లో మసక పోయింది. ప్రయత్నించి చూడండి.

ఓరుగల్లు_ఓర్పు
కళాయి గారూ, మీరు పూత పచ్చిగా ఉండగానే పెట్టి ఉంటారు. అప్పుడు తేమకు బయటికి వెళ్లే దారి ఉంటుంది. వీరిది రాత్రంతా ఆరిన పూత. ఇప్పుడు వేడి పెడితే తేమ కదలదు, ప్లాస్టిక్ వంగుతుంది. ఈ కిట్లు పాలీస్టైరీన్‌వి, వంద డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి మెత్తబడిపోతాయి. మినీ కప్పును మోసే ఆ సన్నటి స్తంభాలు అంతకన్నా ముందే వంకర పోతాయి.

కాకినాడ_కళాయి
నిజమే, నాది కొట్టిన గంటలోపే.

తెనాలి_థిన్నర్
నేనైతే ఊడదీస్తాను. చెడిన పొర మీద ఎన్ని పొరలు వేసినా మనసులో ఆ మచ్చ ఉండిపోతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మూత ఉన్న డబ్బాలో పోసి రాత్రంతా నానబెట్టండి, పొద్దున పాత టూత్ బ్రష్‌తో రుద్దితే వచ్చేస్తుంది. మంట దరిదాపుల్లో వద్దు.

రాజమండ్రి_రాత్రిపని
నేనూ ఇలాగే నానబెట్టాను. రంగు వచ్చింది, రుద్దేటప్పుడు ముందు అద్దం పక్క స్తంభం విరిగి వచ్చింది. అతికించాను కానీ నా కంటికి ఆ గీత ఇప్పటికీ కనిపిస్తుంది. ఊడదీయడం ఆఖరి దారి, మొదటిది కాదు.

పోతే, కొందరు బ్రేక్ ఆయిల్‌లో నానబెట్టమంటారు. కొన్ని ప్లాస్టిక్‌లు దానికి పెళుసుబారిపోతాయి. వద్దు.

నీటిరంగు_నాగమణి
ఇంట్లో, అపార్ట్‌మెంటు బాల్కనీల్లో లక్కర్ ఎందుకండీ అసలు? నేను హైదరాబాదులో రెండు గదుల ఫ్లాటులో ఉంటాను, ఇంట్లో నాలుగేళ్ల పాప. ఆరేళ్లుగా నీటి ఆధారిత యాక్రిలిక్ రంగులే వాడుతున్నాను, ఎక్కువగా స్పెయిన్ నుంచి వచ్చే వయెహో. చవక ఎయిర్‌బ్రష్, చిన్న కంప్రెసర్. ఘాటు వాసన ఉండదు, ఈ పాలపొర బాధ నాకు ఒక్కసారి కూడా రాలేదు.

తెనాలి_థిన్నర్
నాగమణి గారూ, ట్యాంకులకు, సైనికుల బొమ్మలకు అవి బాగుంటాయి, కాదనను. కారుకు కావలసింది అద్దంలాంటి మెరుపు. నీటి రంగు మెత్తగా ఉంటుంది, వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్దబోతే రబ్బరులా చుట్టుకుని లేచి వస్తుంది. లక్కర్ అయితే గట్టిగా కూర్చుంటుంది, మెరుగు పెట్టవచ్చు.

నీటిరంగు_నాగమణి
రెండో రోజే రుద్దితే చుట్టుకుని లేస్తుంది. నేను పది రోజులు ఆగుతాను. కింద మంచి ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పూత) ఉండాలి, పొరలు పలచగా ఉండాలి. నా నీలం కారు మీద ట్యూబ్ లైటు గీత విరగకుండా కనిపిస్తుంది. అయినా లక్కర్ మెరుపు ఇంకొక మెట్టు పైనే, అది ఒప్పుకుంటాను. మా పాప ఊపిరి కన్నా నాకు ఆ మెట్టు ఎక్కువ కాదు.

ఆటోనగర్_అన్న
నేను బెజవాడ ఆటోనగర్‌లో నిజం కార్లకే రంగు కొడతాను, పద్దెనిమిదేళ్లుగా. మూడేళ్ల కిందట మా అబ్బాయి కోసం ఒక కిట్ కొని, ఇప్పుడు నేనే వదలలేకపోతున్నాను. రెండు పనులూ చేసేవాడిగా మూడు మాటలు చెబుతాను.

ఒకటి, దుమ్ము లేవకుండా మేము షెడ్డులో నేల మీద నీళ్లు చల్లుతాము. ఆ అలవాటుతో ఇంట్లో బాత్‌రూములో వేడి నీళ్లు వదిలి దుమ్ము అణిచి కొడుతుంటారు కొందరు. ఎండాకాలంలో పనికొస్తుంది, జూలైలో అదే పాలపొరకు పిలుపు. బాబు గారూ, మీ బాల్కనీ ఆ రోజు కడిగారా?

రెండు, మందం. మా దగ్గర కారు మీద రంగు, క్లియర్, ప్రైమర్ అన్నీ కలిపినా సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు. మీరు 1/24 బండి మీద 100 మైక్రాన్లు వేశారంటే, నిజం కారు మీద 2.4 మిల్లీమీటర్ల మందం పోసినట్టు. అందుకే చిన్న బండ్లకు తలుపు గీతలు పూడిపోయి సబ్బు బిళ్లల్లా తయారవుతాయి. ప్రైమర్‌కు ముందే ఆ గీతలను బ్లేడు వెనక వైపుతో కాస్త లోతు చేసుకోవాలి. ఇప్పుడు మీరు ఇంకొక క్లియర్ వేయబోతున్నారు, కనుక పలచగా.

మూడు, ఇది చాలా ముఖ్యం. మా షెడ్డు నుంచి రెండు భాగాలు కలిపే టూకే క్లియర్ తెచ్చుకుని ఇంట్లో కొట్టేవాళ్లను చూశాను. దాన్ని గట్టిపరచడానికి కలిపే రెండో భాగంలో ఐసోసయనేట్లనే ప్రమాదకర రసాయనాలు ఉంటాయి. గుడ్డ మాస్కు వాటిని ఆపదు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తరువాత కొద్దిగా తగిలినా ఉబ్బసంలా ఊపిరి బిగుసుకుంటుంది. మాలో అలా పని మానేసినవాళ్లున్నారు. మామూలు లక్కర్‌కు కూడా ఆవిరి పీల్చుకునే గుళికలున్న మాస్కు పెట్టుకోండి, కిటికీ తెరిచి ఉంచండి.

బీచ్‌రోడ్_బాబు
అన్నా, సరిగ్గా పట్టుకున్నారు. దుమ్ము పడకూడదని అరగంట ముందే బాల్కనీ కడిగాను! వాన తేమ చాలదన్నట్టు నేనే ఇంకా పోశాను.

మీటరు తెచ్చాను. ఇప్పుడు బాల్కనీలో 86 చూపిస్తోంది.

గుంటూరు_గరుకుకాగితం
86లో తువ్వాలే ఆరదు.

కాకినాడ_కళాయి
ఏసీ గదిలో తేమ తక్కువ కదా, అక్కడ కొడితే?

ఆటోనగర్_అన్న
తేమ తగ్గుతుంది, నిజమే. కానీ తలుపులు మూసిన పడకగదిలో ఆ ఆవిరంతా ఎక్కడికి పోతుంది? పరుపు, దిండ్లు వారం రోజులు వాసన కొడతాయి, మండే గుణం ఉన్న ఆవిరి కూడా. ఆరుబయట కొట్టి, వెంటనే బండిని మూతపెట్టి ఏసీ గదిలోకి తెచ్చి ఆరబెట్టడం వరకు అయితే ఫరవాలేదు.

ఓరుగల్లు_ఓర్పు
ఇప్పుడు మందు సంగతి. ఎయిర్‌బ్రష్ ఉంటే నెమ్మదిగా ఆరే థిన్నర్, అంటే రిటార్డర్ కలిసినది, పలచగా మంచులా చల్లేవాళ్లం. మిస్టర్ లెవెలింగ్ థిన్నర్ ఆ రకమే. అది పై పొరను మళ్లీ కరిగిస్తుంది, తేమ బయటికి పోతుంది, పూత నిదానంగా సర్దుకుంటుంది.

డబ్బాలే ఉన్నాయి కాబట్టి రెండో దారి. గాలి పొడిగా ఉన్న రోజు చూసి, అదే కంపెనీ అదే రకం క్లియర్‌ను మళ్లీ కొట్టండి. కొత్త పొరలోని ద్రావకం పాత పొరను కరిగించి చిక్కుకున్న తేమను వదిలిస్తుంది. డబ్బాను ముందు గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు ఉంచండి. మరిగే నీళ్లు కాదు, పొయ్యి మీద అసలే కాదు. మొదట 25 సెంటీమీటర్ల దూరం నుంచి రెండు పలచని పొరలు, తరువాత ఒక్కటి తడిగా. తడి పొర లేకపోతే కింద పొర కరగదు.

ముందు నేరుగా బండి మీద కొట్టకండి. ప్లాస్టిక్ చెంచా మీద ఎరుపు, క్లియర్ వేసి, ఈ ముసురులోనే కావాలని పాలపొర రప్పించండి. దాని మీద మందు వేసి చూడండి.

డాలస్_దాసు
నేను టెక్సాస్‌లో గ్యారేజీలో కొడతాను. ఇక్కడ అమెరికా కార్ల కిట్లు ఎక్కువగా 1/25లో దొరుకుతాయి, ఏఎంటీ, రెవెల్ వాళ్లవి. పక్కన 1/24 జపాన్ బండి పెడితే ఆ చిన్న తేడా కూడా కంటికి తెలుస్తుంది. బాబు గారూ, డిసెంబరులో వస్తున్నాను, క్లియర్ డబ్బాలు నాలుగు తెమ్మంటారా?

రాజమండ్రి_రాత్రిపని
దాసు గారూ, విమానంలో స్ప్రే రంగు డబ్బాలు చేతి సంచిలోనూ, పెట్టెలోనూ తేనివ్వరు, మండే సరుకు. వాటి బదులు మంచి టేపు, డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే స్టిక్కరు) మెత్తబరిచే ద్రవం లాంటివి తేవచ్చేమో విమాన సంస్థను అడిగి చూడండి.

డాలస్_దాసు
అవును, పొరబడ్డాను. టేపు తెస్తాను.

తెనాలి_థిన్నర్
నిజానికి ఆ టేపు సంగతే ఎవరూ మాట్లాడటం లేదు. కప్పు అంచున ఎరుపు పాకిందన్నారు కదా. దుకాణంలో దొరికే చుట్ట అంచు ఎప్పుడూ శుభ్రంగా ఉండదు, దుమ్ము, నూలు పట్టి ఉంటుంది. టేపును గాజు పలక మీద అంటించి కొత్త బ్లేడుతో అంచు కోసుకుని వాడాలి. మినీకి కప్పు చుట్టూ వాన నీరు జారే గాడి అంచు ఉంటుంది, రంగులు మారేది సరిగ్గా అక్కడే. ఆ మూలలో టేపును పుల్లతో నొక్కాలి. తరువాత ఎరుపు కొట్టే ముందు టేపు అంచు మీద మళ్లీ తెలుపే పలచగా కొట్టాలి. పాకేదేదో తెలుపే పాకుతుంది, ఎరుపుకు సందు ఉండదు.

నీటిరంగు_నాగమణి
ఇది నేను కూడా చేస్తాను, చాలా మంచి పద్ధతి. ఇప్పటికే పాకిన చోటికి నా నీటి రంగు పనికొస్తుంది. సన్న కుంచెతో పలచటి తెలుపు రెండు మూడు సార్లు తాకించండి. కింద ఉన్న క్లియర్‌ను అది కరిగించదు, కుదరకపోతే తడి గుడ్డతో వెంటనే తుడిచేయవచ్చు. బాగా ఆరాక ఓర్పు గారు చెప్పిన పలచని క్లియర్ పొరలు దాన్ని మూసేస్తాయి.

తెనాలి_థిన్నర్
లక్కర్ మీద నీటి రంగు. నాగమణి గారూ, ఈ పనికి మీ సీసాయే సరైనది.

పొణికి_అంబాసిడర్
చిన్న పక్కదారి. నాకు కిట్లు చేయడం రాదు, ఒక్కటే బండి చేశాను, నాలుగేళ్లు పట్టింది. మా నాన్నగారు నడిపిన తెల్ల అంబాసిడర్. నాకు ఆ బండికి కిట్ దొరకలేదు. నిజం బండి 4.3 మీటర్లు, 1/24లో దాదాపు 18 సెంటీమీటర్లు. కొలతలు గీసుకుని కొండపల్లి వెళ్లి తెల్ల పొణికి కర్ర తెచ్చుకున్నాను. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు, చాకుకు వెన్నలా లొంగుతుంది. బొమ్మలవాళ్లు అతుకులకు వాడే మక్కు, అదే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపినది, దానితోనే మడ్‌గార్డుల గుండ్రం తెచ్చాను.

కష్టమంతా కర్ర నారలు మూయడంలో ఉంది. ప్రైమర్ కొట్టడం, రుద్దడం, మళ్లీ కొట్టడం. పదకొండు సార్లు. 2014లో కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలో ఆ కార్ల తయారీ ఆగిపోయిందన్న వార్త చదివి నాన్నగారు ఆ రోజు అన్నం సరిగా తినలేదు. ఈ బండి చేతికిచ్చినప్పుడు ముందు డిక్కీ వైపు తిప్పి చూశారు. ఎడమ మూల సొట్ట ఏదిరా అని అడిగారు. సొట్ట పెట్టాను తరువాత.

ఆటోనగర్_అన్న
ఇన్నేళ్లుగా సొట్టలు తీస్తున్నాను. సొట్ట పెట్టించుకున్నవారి గురించి వినడం ఇదే మొదటిసారి. ఫొటో తప్పకుండా పెట్టండి.

రాజమండ్రి_రాత్రిపని
పొణికి గారూ, టమియా వాళ్లు కూడా కర్రతోనే మొదలయ్యారు. 1946లో షిజుఒకాలో కలప వ్యాపారం. ప్లాస్టిక్ కిట్ 1960లో గానీ రాలేదు.

ఓరుగల్లు_ఓర్పు
పక్కదారిలో ఇంకొక అడుగు. లక్కర్ అన్న మాటకు మూలం మన లక్కే, సంస్కృతంలో లాక్ష. బాబు గారికి దగ్గరలోనే ఏటికొప్పాక ఉంది. అక్కడ బొమ్మలవాళ్లు లేత్ మీద తిరిగే అంకుడు కర్రకు లక్క కడ్డీని ఒత్తితే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. ద్రావకం లేదు, ఆవిరవడం లేదు, చల్లబడటం లేదు, కనుక ముసురులో కూడా పాలపొర రాదు. మనం వాడే డబ్బాకు ఆ సుఖం లేదు.

బీచ్‌రోడ్_బాబు
చెంచాల సంగతి. ఆరు చెంచాలకు ఎరుపు, క్లియర్ వేసి ముసురులో బాల్కనీలో పెట్టాను. వాటిలో నాలుగు చెంచాలకు పాలపొర వచ్చింది. 79 శాతం ఉన్న రోజు ఒకదాని మీద క్లియర్ కొడితే ఇంకా తెల్లబడింది. 66 ఉన్న మధ్యాహ్నం ఇంకొకదాని మీద పలచగా మాత్రమే కొడితే సగం పోయింది. అదే పూట మూడోదానికి ఆఖరున తడి పొర వేశాను, పూర్తిగా పోయింది. ఓర్పు గారు తడి పొర అని ఎందుకు నొక్కి చెప్పారో ఆ రెండు చెంచాలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది.

బండికి ఇంకా చేయి పెట్టలేదు. కప్పు అంచున తెలుపు మాత్రం నాగమణి గారు చెప్పినట్టు వేశాను. మూడుసార్లు తుడిచి, నాలుగోసారి కుదిరింది.

గుంటూరు_గరుకుకాగితం
ఆ చెంచాలు పారేయకండి. వెనక తేదీ, తేమ శాతం రాసి దాచండి. నా దగ్గర నలభై ఉన్నాయి, ఏ పుస్తకం కన్నా నాకు అవే ఎక్కువ పనికొచ్చాయి.

తెనాలి_థిన్నర్
మాంటే కార్లో బండి కాబట్టి అడుగుతున్నాను, నాలుగేళ్లు వరుసగా మినీలే గెలిచాయంటారు, నిజమేనా?

రాజమండ్రి_రాత్రిపని
రికార్డుల్లో మూడు. 1964లో హాప్‌కర్క్, 1965లో మాకినెన్, 1967లో ఆల్టోనెన్. 1966లో కూడా మొదటి మూడు స్థానాల్లో మినీలే వచ్చాయి, హెడ్‌లైట్లు నిబంధనలకు తగినట్టు లేవని మూడింటినీ పక్కన పెట్టారు. అందుకే 1967 గెలుపు అంటే నాకు అంత ఇష్టం. పది అంగుళాల చక్రాలతో ఆ మంచు కొండల్లో! 1/24లో ఆ చక్రం సెంటీమీటరు దాటి కొంచెం, మన చిటికెన వేలి గోరంత.

బీచ్‌రోడ్_బాబు
పన్నెండో రోజు. పొద్దున తొమ్మిదింటికి ఎండ వచ్చింది, పదకొండింటికి మీటరు 61. బాల్కనీ కడగలేదు, తడి గుడ్డతో తుడిచి గంట ఆగాను. మాస్కు పెట్టుకుని, డబ్బా గోరువెచ్చని నీళ్లలో ఉంచి, రెండు పలచని పొరలు, పావుగంట తరువాత ఒక తడి పొర కొట్టాను. తడి పొర పడుతుండగానే బానెట్ మీద తెలుపు లోపలికి ఇంకినట్టు మాయమై కింద ఎరుపు పైకి వచ్చింది. అలా నిలబడి చూస్తూ ఉండిపోయాను. ఇంట్లోవాళ్లను పిలిచాను.

ఎడమ తలుపు కింది మూలలో బియ్యపు గింజంత మసక మిగిలింది.

ఓరుగల్లు_ఓర్పు
ఎంత సంతోషమో! ఆ గింజంత మూల కోసం మళ్లీ పూత వేయకండి. బాగా ఆరాక 2000 వాటర్ పేపర్‌ను సబ్బు నీళ్లలో ముంచి మెల్లగా రెండు మూడు సార్లు రుద్ది చూడండి. పైపైన ఉంటే పోతుంది. అంచుల మీద మాత్రం రుద్దకండి, పూత అక్కడే పలచగా ఉంటుంది, ఎరుపు లేచి కింద తెలుపు బయటపడుతుంది. ఆ తరువాత మెరుగు పేస్టు, ముతక నుంచి మెత్తకు.

బీచ్‌రోడ్_బాబు
తలుపు మీద 177 డెకాల్ ఎప్పుడు అంటించవచ్చు? చేతితో తాకితే ఆరినట్టే ఉంది. ఆదివారం సెలవు, ఆ రోజే అంటించి ఎల్‌బీఎల్ 6డీ నంబరు పలక కూడా పెట్టేద్దామని.

ఆటోనగర్_అన్న
చేతితో కాదు, ముక్కుతో చూడండి. బండిని మూత డబ్బాలో పెట్టండి, మరునాడు మూత తీయగానే వాసన చూడండి. రంగు వాసన వస్తే లోపలి నుంచి ద్రావకం ఇంకా బయటికి వస్తోందని అర్థం. దాని మీద డెకాల్ వేస్తే కింద బుడగలు లేస్తాయి, రుద్దితే వేలిముద్ర పడుతుంది. వాసన పూర్తిగా పోవాలి, అది ఆదివారమా, వచ్చే నెలా అన్నది బండి ఇష్టం.

నీటిరంగు_నాగమణి
అంటించేటప్పుడు 177 ఉన్న ఆ తెల్ల వృత్తం చుట్టూ మిగిలే పారదర్శక అంచును కత్తిరించేయండి. ఎరుపు మీద ఆ అంచు వెండి రేకులా మెరుస్తుంది.

బీచ్‌రోడ్_బాబు
ఆదివారం పొద్దున మూత తీసి వాసన చూశాను. ఇంకా వస్తోంది. మూత పెట్టేశాను.